యూకాన్ అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీం చరిత్ర: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరసలో చూడాలి

యూకాన్ అంటే యూనివర్సిటీ ఆఫ్ కనెక్టికట్, స్టోర్స్ అనే చిన్న ఊళ్ళో ఉంటుంది. అక్కడి అమ్మాయిల టీంకి 2025 నాటికి 12 ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంస్థ) టైటిల్స్ ఉన్నాయి, ఆడవాళ్ళ ఆటలో ఇంకే యూనివర్సిటీకీ అన్ని లేవు. కొత్తగా ఈ ఆట చూడటం మొదలుపెట్టినవాళ్ళు (యూకాన్‌లో ఆడిన పేజ్ బెకర్స్ వల్లో, ఐయోవాలో ఆడిన కెయిట్లిన్ క్లార్క్ వల్లో ఈమధ్య మనవాళ్ళు చాలామందే చూస్తున్నారు) ఆ 12 సంవత్సరాల లిస్టు చదివేసి చరిత్ర తెలిసిపోయింది అనుకుంటారు. నా మాట విని ఆ లిస్టు చివరికి ఉంచండి. ముందు ఓడిపోయిన మ్యాచ్‌లు చూడండి, తర్వాత ఏ బ్యాచ్ ఎప్పుడొచ్చి ఎప్పుడెళ్ళిందో చూడండి, ఆ రెండూ తెలిశాక గెలిచిన ఫైనల్స్ పెట్టుకుంటే ఆట వేరేగా కనిపిస్తుంది.

ముందు సరంజామా. యూనివర్సిటీ అథ్లెటిక్స్ సైట్‌లో రికార్డ్ బుక్ పీడీఎఫ్ ఉంటుంది, ఏ సీజన్ కావాలంటే ఆ సీజన్ షెడ్యూల్, బాక్స్ స్కోర్లు (మ్యాచ్‌లో ఎవరు ఎన్ని పాయింట్లు వేశారో చూపే పట్టికలు) కూడా అక్కడే దొరుకుతాయి. ఫైనల్ మ్యాచ్‌ల హైలైట్స్ యూట్యూబ్‌లో ఉంటాయి. ఒక నోట్‌బుక్కో ఎక్సెల్ షీటో పెట్టుకుని నాలుగు కాలమ్స్ గీసుకోండి: సీజన్, గెలుపు-ఓటమి, ఎవరి చేతిలో ఓడారు, ఆ ఏడు చివరి సంవత్సరం పిల్లలు ఎవరు. ఈ నాలుగోది చాలామంది వదిలేస్తారు, అసలు పని చేసేది అదే.

చదివేటప్పుడు తికమక పడకుండా కొన్ని సంగతులు. సీజన్ నవంబర్‌లో మొదలై ఏప్రిల్ మొదట్లో అయిపోతుంది కాబట్టి 1994-95 అని రాస్తారు, టైటిల్ మాత్రం 1995 అంటారు. 35-0 అంటే 35 గెలిచి ఒక్కటీ ఓడలేదని. మార్చిలో జరిగే టోర్నమెంట్‌లో ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే, సిరీస్‌లు ఏమీ ఉండవు, చివరి 16 టీంలని స్వీట్ సిక్స్‌టీన్ అని, చివరి నాలుగింటిని ఫైనల్ ఫోర్ అని అంటారు. ఇంకోటి, 2015-16 సీజన్ నుంచి అమ్మాయిల కాలేజీ ఆట పది నిమిషాల క్వార్టర్లు నాలుగుగా మారింది, అంతకుముందు ఇరవై నిమిషాల హాఫ్‌లు రెండే. పాత బాక్స్ స్కోర్‌లో క్వార్టర్లు కనపడలేదని తప్పు ఫైల్ తెరిచామేమో అనుకోకండి. అలాగే అమ్మాయిల ఆటలోకి త్రీ పాయింటర్ (దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు) వచ్చింది 1987-88లో, అంతకుముందు ఆడినవాళ్ళ పాయింట్లని ఇప్పటివాళ్ళతో పక్కపక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు.

ఇక మొదలు. టీం మొదలైంది 1974-75లో. చదువులో, ఆటల్లో ఆడా మగా తేడా చూపకూడదని అమెరికాలో టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చింది, దాని వెనకే చాలా యూనివర్సిటీల్లో అమ్మాయిల టీంలు పుట్టాయి, ఇదీ వాటిల్లో ఒకటి. మొదటి పదేళ్ళ పైచిలుకు కాలంలో గెలుపులు ఓటముల కంటే ఎక్కువున్న సీజన్ ఒక్కటే, 1980-81. ఈ భాగాన్ని అందరూ దాటేస్తారు, మీరు దాటకండి, ఒక్క పావుగంట ఆ రికార్డులు చూడండి చాలు, 1985లో వచ్చిన కోచ్‌కి ఏం అప్పజెప్పారో అర్థమవుతుంది. ఆ కోచ్ జీనో ఆరియెమ్మా, ఇటలీలో పుట్టి ఏడేళ్ళప్పుడు అమెరికా వచ్చి పెన్సిల్వేనియాలో పెరిగినాయన. ఆయనతో పాటే వచ్చిన క్రిస్ డెయిలీ కూడా అప్పటి నుంచీ అక్కడే పనిచేస్తున్నారు, ఆవిడ పేరు పైకి రాదు కానీ ఇంత కాలం ఇద్దరూ ఒకేచోట కలిసి పనిచేయడం కాలేజీ ఆటల్లో చాలా అరుదు. మొదటి సీజన్ 12-15. ఆరియెమ్మా కెరీర్ మొత్తంలో ఓటములు ఎక్కువైన సీజన్ అదొక్కటే. 1989లో మొదటిసారి ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి వెళ్ళారు, 1991లో కెరీ బాస్కమ్ ఉన్న బ్యాచ్‌తో మొదటి ఫైనల్ ఫోర్. అప్పటికి స్టోర్స్‌లో గాంపెల్ పెవిలియన్ అనే ఇండోర్ స్టేడియం కొత్తగా కట్టారు (1990), అంతకుముందు పాత ఫీల్డ్ హౌస్‌లో ఆడేవాళ్ళు.

1995 ఒక్క సీజన్ మాత్రం వరస తప్పి ముందే చూసేయండి, ఎందుకంటే తర్వాతి కథంతా దీని మీదే నిలబడింది. ఆ ఏడు జనవరి 16న టెనెసీ యూనివర్సిటీ టీం మొదటిసారి గాంపెల్‌కి వచ్చింది. ప్యాట్ సమిట్ కోచ్‌గా టెనెసీ అప్పటికే పెద్ద పేరు, యూకాన్ 77-66తో గెలిచి దేశంలో నంబర్ వన్ ర్యాంక్‌కి వెళ్ళింది. ఏప్రిల్‌లో మినియాపొలిస్‌లో ఫైనల్ కూడా అదే టెనెసీతో, రెబెకా లోబో ఫస్ట్ హాఫ్‌లోనే ఫౌల్స్‌లో పడి బెంచ్ మీద కూచోవాల్సొచ్చింది, సెకండ్ హాఫ్‌లో తిరిగొచ్చి టీంని గెలుపు వైపు లాగింది, చివర్లో జెన్నిఫర్ రిజోటి బంతి పట్టుకుని కోర్టు ఆ చివర్నుంచి ఈ చివరకి పరిగెత్తి వేసిన లేఅప్ చూసి తీరాలి. 70-64. సీజన్ మొత్తం 35-0. కనెక్టికట్‌లో పబ్లిక్ టెలివిజన్ వాళ్ళు 1990ల నుంచి 2012 దాకా ఈ అమ్మాయిల మ్యాచ్‌లు ప్రసారం చేశారు, ఆ రాష్ట్రంలో పెద్దవయసు ఆడవాళ్ళు ఈ టీంని సొంత పిల్లల్లా చూసుకుంటారంటే దానికి ఇది పెద్ద కారణమని నా నమ్మకం.

ఇప్పుడు ఓటముల దగ్గరకొద్దాం. 1997తో మొదలుపెట్టండి. యూకాన్ 33-0, ఎదురుగా అప్పటికే పది మ్యాచ్‌లు ఓడిన టెనెసీ, ఫైనల్ ఫోర్‌కి ఒక్క మెట్టు కింద 91-81తో టెనెసీ గెలిచింది, ఆ తర్వాత టైటిల్ కూడా వాళ్ళదే. అదే టోర్నమెంట్ మొదట్లో యూకాన్ ఫ్రెష్‌మన్ (మొదటి సంవత్సరం పిల్ల) షియా రాల్ఫ్ మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. ఆ పేరు రాసిపెట్టుకోండి, ఎందుకంటే 2000లో ఫిలడెల్ఫియా ఫైనల్‌లో టెనెసీని 71-52తో చిత్తు చేసినప్పుడు బెస్ట్ ప్లేయర్ అవార్డు ఆ అమ్మాయిదే. 1997 చూడకుండా 2000 ఫైనల్ చూస్తే అది ఏకపక్షంగా సాగిన మామూలు మ్యాచ్, చూసి చూస్తే కళ్ళు చెమరుస్తాయి.

2001 సెమీఫైనల్ కూడా అలాంటిదే, నోటర్ డేమ్ చేతిలో 90-75తో పోయింది, రాల్ఫ్, స్వెత్లానా అబ్రోసిమోవా ఇద్దరూ గాయాలతో బయటే. ఆ ఓటమిలో ఆడిన పిల్లలే, సూ బర్డ్, స్విన్ క్యాష్, ఆషా జోన్స్, తమీకా విలియమ్స్, వాళ్ళ పక్కన చిన్నదైన డయానా టరాసీ, తర్వాతి ఏడు 39-0 ఆడారు. ఆ నలుగురు సీనియర్లూ 2002 డబ్ల్యూఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (ఆడవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్ టీంలు కొత్తవాళ్ళని ఎంచుకునేది) మొదటి ఆరు స్థానాల లోపలే వెళ్ళిపోయారు. ఒక్క కాలేజీ నుంచి అంతమంది.

తర్వాత వరసగా ఇవి చూడండి: 2003లో విలనోవా 52-48తో గెలిచి 70 మ్యాచ్‌ల వరస గెలుపుల స్ట్రీక్ ఆపింది, 2010 డిసెంబర్ 30న స్టాన్‌ఫర్డ్ 71-59తో గెలిచి 90 దగ్గర ఆపింది (అప్పటికే యూసీఎల్‌ఏ అబ్బాయిల పాత రికార్డు 88 దాటేశారు), 2014 నవంబర్‌లో మళ్ళీ అదే స్టాన్‌ఫర్డ్ ఓవర్‌టైంలో 88-86. ఈ చివరిదాన్ని జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే దాని మర్నాటి నుంచి లెక్కపెడితే 111 మ్యాచ్‌లు ఓడలేదు, అంటే ఆ ఒక్క ఓటమికి అటూ ఇటూ ఉన్న టీం ఎలా మారిందో కళ్ళారా చూడొచ్చు. ఆ 111 ఆగింది 2017 మార్చి 31న డల్లాస్‌లో, సెమీఫైనల్, ఓవర్‌టైం చివరి క్షణంలో మోర్గన్ విలియం వేసిన షాట్‌తో మిసిసిపీ స్టేట్ 66-64. అంతకు ముందేడు ఇదే టోర్నమెంట్‌లో యూకాన్ అదే మిసిసిపీ స్టేట్‌ని 98-38తో, అంటే 60 పాయింట్ల తేడాతో ఓడించింది. రెండు బాక్స్ స్కోర్లూ పక్కపక్కన తెరిచి చూడండి. మరుసటి ఏడు 2018 సెమీఫైనల్‌లో కూడా ఓవర్‌టైమే, నోటర్ డేమ్ అమ్మాయి అరికే ఒగున్‌బోవాలే చివరి సెకన్‌లో వేసింది, 91-89.

బ్యాచ్‌ల పని ఇప్పుడు. ఒక అమ్మాయి మామూలుగా నాలుగు సీజన్లు ఆడుతుంది, తర్వాత వెళ్ళిపోతుంది, కాబట్టి ఏ కాలేజీ టీం అయినా నాలుగేళ్ళకోసారి కొత్త టీం. షీట్‌లో నాలుగో కాలమ్ అందుకే. 2002 సీనియర్లు నలుగురూ వెళ్ళిపోయాక స్టార్టర్లలో మిగిలింది టరాసీ ఒక్కతే, అయినా 2003, 2004 రెండూ గెలిచారు, రెండు ఫైనల్సూ టెనెసీ మీదే, నాకు మొత్తం చరిత్రలో ఎక్కువ ఇష్టమైనవి ఈ రెండే, ఎందుకంటే 39-0 టీం గెలవడం కంటే నాలుగు మ్యాచ్‌లు ఓడిన 2004 టీం గెలవడం కష్టం. 2004లో యూకాన్ అబ్బాయిలు కూడా గెలిచారు, ఒకే ఏడు రెండూ ఒకే యూనివర్సిటీకి రావడం డివిజన్ వన్‌లో (కాలేజీ ఆటల పై స్థాయి) అదే మొదటిసారి, 2014లో మళ్ళీ వాళ్ళే చేశారు.

మాయా మూర్, టీనా చార్ల్స్ కలిసి ఆడిన 2009, 2010 సీజన్లు రెండూ 39-0. అందులో 2010 ఫైనల్ మొదటి సగం చూడండి, యూకాన్ వేసింది మొత్తం 12 పాయింట్లు, స్టాన్‌ఫర్డ్ 20, చివరికి 53-47తో యూకాన్. ఇక బ్రియానా స్టూవర్ట్, మోరియా జెఫర్సన్, మోర్గన్ టక్, వీళ్ళు నాలుగేళ్ళు ఆడి నాలుగు టైటిల్స్ తీసుకెళ్ళారు, 2013 నుంచి 2016 దాకా, నాలుగుసార్లూ ఫైనల్ ఫోర్ బెస్ట్ ప్లేయర్ స్టూవర్టే. అక్కడ కూడా 2013 నుంచే మొదలుపెట్టండి: ఆ సీజన్‌లో నోటర్ డేమ్ చేతిలో మూడుసార్లు ఓడి నాలుగోసారి సెమీఫైనల్‌లో 83-65తో గెలిచారు.

రికార్డ్ బుక్‌లో అంకెలు చదివేటప్పుడు ఒక పేరు దగ్గర ఆగాలి. నైకీషా సేల్స్, 2,178 పాయింట్లు. 1998 ఫిబ్రవరిలో స్కూల్ రికార్డుకి ఒక్క పాయింట్ దూరంలో ఉండగా మడమ వెనక అకిలీస్ టెండన్ తెగింది, ఇక ఆడలేదు. తర్వాతి మ్యాచ్ విలనోవాలో, అక్కడి కోచ్‌తో ఆరియెమ్మా ముందే మాట్లాడి, రికార్డు ఎవరిదో ఆ బాస్కమ్‌ని కూడా అడిగి, మ్యాచ్ మొదట్లోనే సేల్స్‌ని బాస్కెట్ కింద నిలబెట్టి ఎవరూ అడ్డం రాకుండా లేఅప్ వేయించారు, వెంటనే విలనోవాకి కూడా అలాగే ఒక బాస్కెట్ ఇచ్చి 2-2 నుంచి అసలు ఆట మొదలుపెట్టారు. దేశమంతా దీని మీద గొడవ, పిల్లకి న్యాయం చేశారని కొందరు, ఆటని అవమానించారని కొందరు. నేను మొదటివాళ్ళ పక్షమే, నాలుగేళ్ళు కష్టపడి సంపాదించిన పిల్ల ఆమె. మాయా మూర్ తర్వాత 3,036 దాకా తీసుకెళ్ళింది కాబట్టి ఆ రికార్డు ఇప్పుడు లేదు, కథ మాత్రం తెలుసుకుని తీరాలి.

టెనెసీతో వైరం గురించి వేరేగా ఒక పేజీ పెట్టుకోండి. 2007 తర్వాత ప్యాట్ సమిట్ ఈ మ్యాచ్‌లు ఆపేశారు. 2011లో ఆవిడకి అల్జీమర్స్ అని బయటకు రాగానే ఆవిడ పేరు మీద పెట్టిన ఫౌండేషన్‌కి ఆరియెమ్మా పదివేల డాలర్లు ఇచ్చారు. 2016లో ఆవిడ పోయారు, మ్యాచ్‌లు మళ్ళీ మొదలైంది 2020 జనవరిలో, హార్ట్‌ఫర్డ్‌లో. కోర్టు మీద ఎంత గొడవ పడ్డారో చదివినవాళ్ళు ఈ భాగం కూడా చదవాలి, లేకపోతే ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది.

కనెక్టికట్ వైపు ఉండేవాళ్ళకి ఇదంతా ఇంకా తేలిక. హార్ట్‌ఫర్డ్ చుట్టుపక్కల ఇన్సూరెన్స్ కంపెనీల్లో ఐటీ పని చేసే మనవాళ్ళు చాలామంది ఉన్నారు, టీం సీజన్‌లో కొన్ని మ్యాచ్‌లు హార్ట్‌ఫర్డ్‌లో, కొన్ని స్టోర్స్‌లో ఆడుతుంది. కుదిరితే గాంపెల్‌కే వెళ్ళండి, పిల్లల్ని తీసుకెళ్ళండి, ముఖ్యంగా ఆడపిల్లల్ని. మ్యాచ్‌కి ముందుగా వెళ్ళి గోడ మీద హస్కీస్ ఆఫ్ ఆనర్ (టీం గౌరవించిన పాత ఆటగాళ్ళు, కోచ్‌లు) పేర్లు చదవండి, మీ షీట్‌లో రాసుకున్న పేర్లు చాలా అక్కడ కనిపిస్తాయి.

చివరగా 2025 ఫైనల్. దానికి ముందు నాలుగు సంగతులు షీట్‌లో ఉండాలి: 2022 ఫైనల్‌లో సౌత్ కరోలినా 64-49తో గెలవడం (ఆరియెమ్మా ఫైనల్ ఓడటం అదే మొదటిసారి), 2022 ఆగస్టులో బెకర్స్ ఏసీఎల్ తెగి ఒక సీజన్ మొత్తం పోవడం, 2023 నవంబర్‌లో ఆజీ ఫడ్‌కి కూడా అదే జరగడం, 2024 సెమీఫైనల్‌లో ఐయోవా చేతిలో 71-69. ఇవన్నీ చూశాక టాంపాలో ఏప్రిల్ 6న ఆడిన మ్యాచ్ పెట్టుకోండి, ఎదురుగా మళ్ళీ సౌత్ కరోలినానే, ఫడ్ 24, ఫ్రెష్‌మన్ సారా స్ట్రాంగ్ 24 పాయింట్లు, 15 రీబౌండ్లు, బెకర్స్ 17, స్కోరు 82-59. చివర్లో బెకర్స్‌ని బయటకి పిలిచినప్పుడు కోచ్ ఆ అమ్మాయిని ఎంతసేపు పట్టుకుని నిలబడ్డారో చూడండి, ఆ భాగం ఫాస్ట్ ఫార్వర్డ్ చేయకండి.