పసిపిల్లలున్న ఇంటికి కుక్కను తెచ్చే ముందు జాగ్రత్తలు

- జాతి పేరు చూసి మురిసిపోకండి. ఆ కుక్క స్వభావం ముఖ్యం. పిల్లల్ని వెంటబెట్టుకెళ్లి కాసేపు గమనించండి: తనంతట తానే దగ్గరికొస్తోందా, మూలకు నక్కుతోందా?

- బుజ్జి కుక్కపిల్లే మేలనుకుంటారు చాలామంది. నా మటుకు, పిల్లలతో మెలిగిన రెండు మూడేళ్ల కుక్క నయం. కుక్కపిల్ల పళ్లు సూదుల్లా ఉంటాయి, కనబడిందల్లా కొరుకుతుంది. అదే కావాలంటే 8 వారాలు నిండకుండా తల్లి నుంచి వేరు చేయొద్దు.

- టీకాలు, నులిపురుగుల మందు సంగతి పశువైద్యుణ్ణి అడగండి. నేలమీద పాకే బిడ్డ ఉంటే ఇది వాయిదా వేసే పని కాదు.

- దానికంటూ ఒక మూల, పిల్లలు చొరబడలేనిది, ముందే సిద్ధం చేయండి.

- కుక్క తినేటప్పుడు, పడుకున్నప్పుడు పిల్లల్ని ముట్టుకోనివ్వద్దు. పెదాలు నాకడం, మొహం తిప్పేయడం, ఒళ్లు బిగబట్టడం, కంటి తెల్లగుడ్డు కనబడటం... ఇవన్నీ 'ఇక చాలు' అనడమే. గుర్రుమంటే కొట్టకండి, హెచ్చరించడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది. బిడ్డను పక్కకు తీసుకోండి.

- ఎంత సాధువైనా సరే, ఇద్దరినీ ఒంటరిగా వదలొద్దు. ఫోన్‌లో మునిగిన పెద్దవాళ్లు కాపలా కిందకు రారు.

- పన్ను గాటు పడితే, చిన్నదైనా, సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.