ట్యూబ్ హెడ్‌ఫోన్ యాంప్ హమ్: మూత విప్పే ముందు జాగ్రత్తలు

ముందు హమ్ (గుర్రుమనే శబ్దం) ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకోండి. హెడ్‌ఫోన్ పీకేసినా పెట్టె గుర్రుమంటుంటే అది ట్రాన్స్‌ఫార్మర్ వణుకు. అదీ అప్పుడప్పుడే వస్తుంటే తప్పు యాంప్‌ది కాకపోవచ్చు. మెయిన్స్‌లో (గోడ ప్లగ్గు ఏసీ కరెంటులో) కాస్త డీసీ కలిసినా టొరాయిడ్, అంటే గారె ఆకారపు ట్రాన్స్‌ఫార్మర్, అరుస్తుంది. చెవిలో మాత్రమే వినిపిస్తుంటే ఇన్‌పుట్ కేబుళ్లు తీసి చూడండి. ఆగిపోతే బహుశా గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌లు కేబుల్ ద్వారా కలిసి చుట్టులా మారడం), మూత విప్పే పనే లేదు.

- లూప్ తెగుతుందని ఎర్త్ పిన్ మాత్రం తీసేయొద్దు. లోపల వైరు ఊడి యాంప్ లోహపు పెట్టెకి, అంటే ఛాసిస్‌కి తగిలితే షాక్ మీకే.

- స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకండి. ట్యూబులు చల్లారనివ్వండి.

- ప్లగ్ పీకాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో (సరఫరాని నిలకడ చేసే, చార్జ్ దాచుకునే భాగాలు) 200–300 వోల్టులు నిలిచి ఉండొచ్చు. 10 కిలోఓమ్, 5 వాట్ రెసిస్టర్‌ని ఇన్సులేటెడ్ క్లిప్పులతో ఒక్కోదానికి 30 సెకన్లు తగిలించి, మీటర్‌తో కొలవండి. 10 వోల్టుల లోపు ఉంటేనే చెయ్యి పెట్టండి. కాసేపాగి మళ్లీ కొలవాలి, చార్జ్ కొంత తిరిగొస్తుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం మొరటు పని: నిప్పులు చిమ్ముతాయి, కెపాసిటరూ దెబ్బతింటుంది.

- టొరాయిడ్ నడిమి బోల్టు కింద ఛాసిస్‌కే బిగించి ఉంటుంది. దాని పైకొన లోహపు మూతకి తగిలిందా, షార్టెడ్ టర్న్ అయినట్టే: బోల్టు, మూత, ఛాసిస్ కలిసి ట్రాన్స్‌ఫార్మర్‌కి మూసుకుపోయిన ఒక చుట్టు అవుతాయి. ఫ్యూజ్ పోతుంది, లేదా ట్రాన్స్‌ఫార్మర్ మాడుతుంది. రబ్బరు వాషర్ చితికేలా బిగించొద్దు.

- మళ్లీ ఆన్ చేసేటప్పుడు హెడ్‌ఫోన్ పెట్టకండి.