కీళ్లవాతంతో జీవించేవారు భక్తిని ఆసరాగా చేసుకోవడం ఎలా

వయసు మీద పడిన కొద్దీ మోకాళ్లు అరిగి వచ్చే నొప్పి వేరు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం వేరు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొరపై దాడి చేయడం వల్ల ఇది వస్తుంది కాబట్టి, ముప్పై నలభై ఏళ్ల వయసులోనూ, మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువగానూ కనిపిస్తుంది. రెండు చేతుల వేళ్లూ, మణికట్లూ వాచి, తెల్లవారి లేచాక గంటసేపైనా బిగుసుకుని ఉండి, వారాల తరబడి తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఇటువంటి కీళ్ల జబ్బులు చూసే రుమటాలజీ వైద్యులకు చూపించాలి. తిరుపతిలో స్విమ్స్, రుయా వంటి పెద్దాసుపత్రులు అందుబాటులో ఉన్నాయి. కీలు పూర్తిగా దెబ్బతిని శస్త్రచికిత్స అవసరమైనవారికి దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రి ఉంది.

దేవుణ్ణి నమ్మినవారు మందు మానరాదు. చాలామందికి మొదట ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు గుణం చూపడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఆ వారాల్లోనే ధైర్యం సడలి, ఎవరో ఇచ్చిన పేరులేని పొడివైపు మనసు పోతుంది. అటువంటి పొడుల్లో కొన్నింటిలో స్టెరాయిడ్లు కలిసి ఉంటాయి కాబట్టే నొప్పి చిటికెలో తగ్గినట్లు అనిపిస్తుంది. ఇక్కడే భక్తి నిజంగా అక్కరకు వస్తుందని నా నమ్మకం. రోజూ దీపం పెట్టే నియమాన్ని తప్పనివారు మందు నియమాన్నీ తప్పకుండా నిలుపుకోగలరు.

మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారే, ఒకే రోజున వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. శనివారం ఒక్కపొద్దు ఉండేవారు ఆ రోజును ఈ మాత్రకు ఎంచుకోకుండా, వైద్యులతో మాట్లాడి, కడుపునిండా తినే మరో రోజును ఖాయం చేసుకొని, క్యాలెండరులో గుర్తు పెట్టుకోవడం మేలు. నొప్పి మాత్రలను పరగడుపున వేసుకోకూడదు కాబట్టి, ఉపవాసం ఉండదలచినవారు ముందుగా వైద్యులనే అడగాలి. మెథోట్రెక్సేట్‌తో పాటు రాసిచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్రలనూ, కాలేయానికి, రక్తకణాలకు సంబంధించిన పరీక్షలనూ వదిలిపెట్టరాదు. బిడ్డను కనాలనుకునేవారు ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే గర్భంతో ఉన్నప్పుడు మెథోట్రెక్సేట్ వాడకూడదు.

ఉదయం బిగువు తగ్గేదాకా పూజకు తొందరపడవలసిన పని లేదు. గోరువెచ్చని నీళ్లలో చేతులు ఉంచి, వేళ్లను మెల్లగా ముడుస్తూ చాపుతూ, సుప్రభాతమో గోవిందనామాలో వింటూ ఉంటే ఆ సమయమే స్వామిసేవ అవుతుంది. దేవుని పటాలను నడుమెత్తు అరలో పెట్టుకొని కుర్చీలో కూర్చొని పూజ చేయవచ్చు. కణుపులు నొప్పిగా ఉంటే వేళ్లపై లెక్కపెట్టకుండా, మాల కూడా పక్కన పెట్టి, లెక్క లేకుండానే నామం చెప్పుకోవచ్చు. తలస్నానం చేసి తడిబట్టలతో నిలబడటం, సాష్టాంగ నమస్కారం చేయడం, పొర్లుదండాలు పెట్టడం మానాలి. దండం మనసులో పెట్టుకున్నా చాలు.

అలిపిరి నుంచి కాలినడకన కొండకు వస్తామని మొక్కుకున్నవారిని ఈ జబ్బు ఎంతో బాధపెడుతుంది. సుమారు 3,550 మెట్లు ఎక్కడం వాపు ఉన్న మోకాళ్లకూ, చీలమండలకూ మంచిది కాదు. జబ్బు అదుపులోకి వచ్చి వైద్యులు సరేనన్నాక నడవవచ్చు, లేదా ఇంటి పెద్దలతో మాట్లాడుకొని ఆ మొక్కును తలనీలాలుగానో, అన్నదానానికి కానుకగానో మార్చుకోవచ్చు. బస్సులో వెళ్లినంత మాత్రాన దర్శనఫలం తగ్గదు. వృద్ధులకూ, దివ్యాంగులకూ దేవస్థానం చేసిన ప్రత్యేక ఏర్పాట్ల నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి బయలుదేరే ముందు చూసుకోవాలి.

ఇంట్లో రాగి సంగటి కెలకడం, నీళ్ల బిందె మోయడం, తడిబట్టలు పిండటం మణికట్లకు పెద్ద శిక్ష. వీటిని ఇంట్లోవారు అందుకోవాలి, అడగడానికి మీరు మొహమాటపడకూడదు.

"ఏ జన్మలో ఏ పాపం చేశానో" అని కుమిలిపోయేవారికి ఒక్కటే విన్నపం. ఈ జబ్బు ఎవరి పాపానికీ శిక్ష కాదు, కాబట్టి అలా అనే బంధువుల మాటలను చెవిన పెట్టకండి. నిద్ర పట్టని రాత్రి నామస్మరణ ఆ గంటలను దాటించగలదు. కానీ వారాల తరబడి దేనిమీదా ఆసక్తి లేకుండా దిగులు నిలిచిపోతే, దాన్ని కూడా వైద్యులకు చెప్పాలి. జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి ఒకే కీలు ఎర్రగా వాచినా, దగ్గు, ఆయాసం మొదలైనా, పండుగ రోజైనా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఆ వారం మెథోట్రెక్సేట్ వేసుకోవచ్చో లేదో అడిగి తెలుసుకోవాలి.