యుద్ధం వద్దని పాట కట్టారా? జనానికి వినిపించి, వాళ్ల మాట రాబట్టడం ఎలా

మా అనంతపురంలో సొంతంగా రాక్ పాట కట్టే పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లలో సగం మంది ఆర్నెల్లు చెమటోడ్చి పాట చేసి, దాన్ని ఒక్క సాయంత్రంలో తగలేసుకుంటారు. రాత్రి తొమ్మిదికి మిక్స్ (గొంతునూ వాయిద్యాలనూ సమపాళ్లలో కలపడం) అయిపోతుంది. తొమ్మిదింపావుకు స్టేటస్‌లో లింకు. పదికల్లా ముప్పై నమస్కారం బొమ్మలు, ఇరవై నిప్పు బొమ్మలు. మర్నాడు అడిగితే పల్లవిలో ఒక్క మాట కూడా ఎవరికీ గుర్తుండదు. అది యుద్ధం మీద పాటైతే మరీ ఘోరం. పేరు చూసి మెచ్చుకునేవాళ్లు మెచ్చుకుంటారు, పేరు చూసి తిట్టేవాళ్లు తిడతారు. వినేవాడు ఒక్కడూ ఉండడు.

నేనూ మొదటి రెండు పాటలు అలాగే పోగొట్టుకున్నాను. ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. కొత్త బ్యాండు పిల్లలు అడిగిన ప్రతిసారీ చెప్పి చెప్పి విసుగొచ్చి, ఇక్కడ రాసి పెడుతున్నాను.

సామాన్లు

ఒక మైకు, రెండు ఇన్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకునూ గిటార్‌నూ లాప్‌టాప్‌కు కలిపే పెట్టె), గిటార్, పాత లాప్‌టాప్. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు డబ్బులు పెట్టకండి, ఆడాసిటీ ఉచితం. స్టూడియో లేదని ఏడవకండి, గోడకు రెండు బొంతలు వేలాడదీస్తే గది గోల తగ్గుతుంది. మే నెలలో పాడుతున్నా సరే ఫ్యాను ఆపాల్సిందే. మెడలో తడి తువ్వాలు వేసుకుని పాడండి. గొంతుకు ఆటోట్యూన్ (శ్రుతి తప్పితే సరిచేసే సాఫ్ట్‌వేర్) వద్దు. యుద్ధం వద్దని పాడే గొంతులో కాస్త బొంగురు ఉండాలి.

ఫైలు

మీ దగ్గర దాచుకోవడానికి వేవ్ ఫైలు, పంచడానికి 320 కేబీపీఎస్ ఎంపీ3. అంతకు తక్కువైతే నాకు పంపొద్దు. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. వీడియోగా పంపితే అది నలిపేసి ఇస్తుంది. యూట్యూబ్‌లో పెట్టేటట్లయితే అరిచి గీ పెట్టేంత బిగ్గరగా మాస్టరింగ్ (మిక్స్‌కు చివరి మెరుగు) చేయకండి. సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట చెవికి ఎంత బిగ్గరగా ఉందో చెప్పే కొలత) దాటిన శబ్దాన్ని యూట్యూబ్ తనే తగ్గించేస్తుంది. మీరు బలవంతంగా పిండిన జీవం మాత్రం తిరిగి రాదు.

మిక్స్ అయ్యాక ఫోను స్పీకర్లో ఒకసారి, నడుస్తున్న ఆటోలో ఒకసారి వినండి. బేస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోను స్పీకరు అంత కిందికి దిగలేదు. ఇంట్లో పెద్ద స్పీకర్లలో గుండె అదిరిన చోట ఫోనులో ఏమీ ఉండదు. మన ఊళ్లో పాట వినేది ఫోనులోనే కదా.

ఇంకొకటి. గిటార్‌కు డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్టు) పెట్టగానే హల్లులు మునిగిపోతాయి. మాట స్పష్టంగా తెలిసేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య, గిటార్ గీపెట్టేదీ అక్కడే. పాడేటప్పుడు గిటార్‌ను సరిగ్గా ఆ చోట రెండు మూడు డీబీ (డెసిబెల్, శబ్దం కొలత) కొయ్యండి. గిటారిస్టు అలుగుతాడు, అలగనివ్వండి.

హక్కులు

పాట రాసి రికార్డు చేసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. 1957 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సాహిత్యానికీ బాణీకీ హక్కు కట్టినవాళ్ల జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. పేచీ వచ్చేది బయటివాళ్లతో కాదు, బ్యాండులో వాళ్లతోనే. మాట ఎవరిది, బాణీ ఎవరిది, వాటా ఎంత అని ఒక కాగితం మీద రాసుకుని, తేదీ వేసి, అందరూ సంతకాలు పెట్టండి. ఎన్నేళ్ల స్నేహమైనా సరే.

ఎవరికి వినిపించాలి

ఏడుగురు చాలు. పదిమందైతే మీరు వినడం మానేసి లెక్కపెట్టడం మొదలుపెడతారు. అందులో సంగీతం తెలిసినవాళ్లు ఇద్దరికి మించకూడదు. వాళ్లు పాట వినరు, గిటార్ టోన్ వింటారు. అరవై దాటినవాళ్లు ఒకరు. సైన్యంలో మనిషున్న ఇంటివాళ్లు ఒకరు, ఈ విషయంలో రాజీ లేదు. మీరంటే పెద్దగా గిట్టనివాళ్లు ఒకరు దొరికితే మహాభాగ్యం. మీ అమ్మకు వినిపించండి, కానీ ఏడుగురిలో లెక్కవేయకండి.

నాకు తెలిసిన ఒకాయన ఫారం తయారుచేసి, అయిదు నక్షత్రాలకు ఎన్ని ఇస్తారని రెండువందల మందికి పంపుతాడు. సగటు నాలుగు పాయింట్ రెండు వచ్చిందట. ఆ పాయింట్ రెండుతో ఏ చరణం దిద్దుకుంటాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు. లింకు పంపడం కాదు, మనిషి దగ్గరికి వెళ్లి, పక్కన కూర్చుని వినిపించాలి. కర్నూలులో వాళ్లయితే కర్నూలు పోవాలి. నేను పోయాను. కొండారెడ్డి బురుజు దగ్గర నలుగురు కాలేజీ పిల్లలకు ఫోనులోనే వినిపించి, రాత్రి బస్సుకు తిరిగొచ్చాను.

అసలు చిక్కు: నోరు మూసుకోవడం

ఇప్పటిదాకా చెప్పింది ఎవరైనా చేస్తారు. ఇక్కడే అందరూ బోల్తా పడతారు.

పాట పెట్టే ముందు మనవాడు మొదలుపెడతాడు. "అన్నా, ఇది యుద్ధం వద్దని చెప్పే పాట. రెండో చరణంలో ఒక తల్లి మాట్లాడుతుంది. మిక్స్ ఇంకా పూర్తి కాలేదు, డ్రమ్స్ మళ్లీ కొడతాం. గొంతు ఆరోజు బాలేదు." ఇంకేముంది, విననవసరం లేకుండా పోయింది. మీరు చెప్పిందే ఆయన వింటాడు, మీరు చెప్పిందే తిరిగి మీకు చెబుతాడు. మీరు దాన్ని అభిప్రాయం అనుకుని ఇంటికి వస్తారు.

పేరు కూడా చెప్పొద్దు. "తాతా, ఒక పాట వింటావా?" అంతే. పాట నడుస్తున్నంతసేపూ ఆయన ముఖం కేసి చూడొద్దు, తల ఊపొద్దు, మంచి చోటు రాగానే కనుబొమ్మలు ఎగరేయొద్దు. పాట అయిపోయాక కూడా మాట్లాడొద్దు. మనసులో పది లెక్కపెట్టండి. ఆ పది అంకెలు లెక్కపెట్టడం గిటార్ సోలో నేర్చుకోవడం కంటే కష్టం. నాకు నాలుగేళ్లు పట్టింది. ఆ నిశ్శబ్దం భరించలేక ఎదుటి మనిషి మొదట అనే మాట ఉంటుంది చూడండి, దానికోసమే ఇంత తంటా.

"ఎలా ఉంది?" అని మాత్రం ఛస్తే అడగొద్దు. అడిగారంటే "బాగుండాదప్పా" అంటారు. పెళ్లిభోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ అనే మాట అది. సాంబారు మాడినా అదే అంటారు. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు, మర్యాద తప్ప.

నేను అడిగేవి మూడే. ఏ మాట గుర్తుండిపోయింది? ఇది ఎవరి గురించి పాడినట్టు అనిపించింది? ఎక్కడ ధ్యాస పక్కకు పోయింది? మూడోది అడిగేటప్పుడు నవ్వుతూ అడగాలి, లేకపోతే చెప్పరు.

ఇదంతా ఎందుకంటే, ఒక ఉదాహరణ చెబుతాను. నా పాట పల్లవి ఇది: "పగ వద్దు, పగవాడి ఇంటి పొయ్యి ఆరొద్దు". మొదటి "పగ" మీద మా పాటగాడు పైస్థాయికి వెళ్లి నాలుగు దెబ్బల పాటు నిలుపుతాడు. రోమాలు నిక్కబొడుచుకునే చోటు అని మేమంతా ఒకరి భుజం ఒకరం తట్టుకున్నాం. మా వీధి చివర ఉగ్గాని బండి దగ్గర రోజూ పొద్దున్నే కూర్చునే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. తెల్ల తలపాగా, చేతిలో బజ్జీ. ఆయనకు వినిపించాను. అయిపోయింది. పది లెక్కపెట్టాను. ఆయన బజ్జీ తిని, కాగితంతో వేళ్లు తుడుచుకుని, తలమీద చెయ్యి పెట్టుకుని అడిగాడు:

"పాగా వద్దని ఎందుకంటివప్పా? పాగా నీకేం జేసె?"

తెలుగులో హ్రస్వాన్ని సాగదీస్తే దీర్ఘమైపోతుంది, మాటే మారిపోతుంది. కలం కాలమవుతుంది. పగ పాగా అయింది. ఆర్నెల్లు ఆ పల్లవి రోజుకు ఇరవైసార్లు విన్న మాకు అయిదుగురికీ అది వినపడలేదు, ఎందుకంటే అక్కడున్నది "పగ" అని మాకు ముందే తెలుసు. నేను ముందుగా "తాతా, పగ వద్దని ఒక పాట" అని ఉంటే ఆయనకూ పగే వినపడేది. బజ్జీ తిని "బాగుండాది" అని లేచిపోయేవాడు.

ఆయన అలా అడగ్గానే నా నోటిదాకా వచ్చింది, "పాగా కాదు తాతా, పగ" అని. అదే రెండో తప్పు, చాలామంది చేసేది. దిద్దకండి. వాదించకండి. ఆయనకు వినపడింది వినపడినట్టే, ఆయన మాటల్లోనే రాసుకోండి. "దీర్ఘం సమస్య" అని మీ భాషలోకి మార్చి రాసుకోవద్దు. నెల తర్వాత చూసుకుంటే మీ భాష మీకేమీ చెప్పదు, "పాగా నీకేం జేసె" మాత్రం చెబుతుంది.

సైన్యంలో మనిషున్న ఇల్లు అన్నాను కదా. రెండో చరణంలో మేం రాసుకున్నది "తుపాకి పట్టిన చెయ్యి తడి ఎరగదు" అని. మా బంధువుల్లో ఒకావిడ, కొడుకు జవాను. పాట విని చాలాసేపు ఏమీ అనలేదు. పది కాదు, అరవై లెక్కపెట్టి ఉంటాను. తర్వాత మెల్లగా అంది: "మా పిల్లోడు సెలవుకొస్తే నాతో పాటు చేన్లో చెనక్కాయ చెట్లు పీకుతాడు నాయనా. ఆ చెయ్యి తడి ఎరగదా?"

నేను తలొంచుకున్నాను. మేం తిట్టాలనుకున్నది యుద్ధాన్ని, తగిలింది జవానుకు. "పట్టిన" తీసి "ఇచ్చిన" పెట్టాం. తుపాకి ఇచ్చిన చెయ్యి. నాలుగు మాత్రలకు నాలుగు మాత్రలు, బాణీ కదలలేదు, పాట మాత్రం వేరే మనిషి వైపు తిరిగింది. యుద్ధం వద్దనే పాటలు సైనికుల మీద పాటలని కుర్రాళ్లు అనుకుంటారు. 1969 ఆగస్టులో, వియత్నాం యుద్ధం నడుస్తుండగా, వుడ్‌స్టాక్ సంగీతోత్సవం వేదిక మీద అమెరికా జాతీయ గీతాన్ని వాయిస్తూ గిటార్‌లోంచి బాంబుల మోత తీసిన రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ 1961–62లో అదే దేశపు సైన్యంలో పారాచూట్‌తో దూకినవాడు. పైగా ఆ వాయిద్యంలో ఒక్క మాట లేదు, ముందు ఉపన్యాసమూ లేదు. చూశారా, ఆయనా నోరు మూసుకున్నాడు.

ఏది దిద్దుకోవాలి, ఏది వదిలేయాలి

ఒకరికొకరు తెలియని ఇద్దరు ఒకే చోట ఆగితే అది దిద్దాలి. ఒకరు వేగం ఎక్కువంటే ఇంకొకరు తక్కువంటే రెండూ వదిలేయండి. కర్నూలు పిల్లల్లో ఒకడు "ఇది ఫ్యాక్షన్ పాట కదన్నా" అన్నాడు. మిగతా ముగ్గురూ అవునన్నారు. మేం రాసింది సరిహద్దు యుద్ధం గురించి. కానీ రాయలసీమలో "పగవాడి ఇల్లు" అంటే వీధి అవతలి ఇల్లే గుర్తొస్తుంది. దీన్ని దిద్దాలా అని బ్యాండులో వారం రోజులు కొట్లాట. నేను దిద్దనివ్వలేదు. అది తప్పుగా వినడం కాదు, మాకంటే ఎక్కువ వినడం.

"పగ" సంగతి మాత్రం దిద్దాం. ఆ మాటను రెండు పొట్టి స్వరాల్లో తేల్చేసి, పైస్థాయిని "వద్దూ" చివరికి జరిపాం. ఉకారం ఎంత సాగినా అర్థం చెడదు. "కక్ష" అని మార్చమన్నారు కొందరు, సాగదీయడానికి కుదరదు కాబట్టి. కుదరదు నిజమే, కానీ "కక్ష" అంటే పూర్తిగా ఫ్యాక్షనే అయిపోతుంది.

బయటికి వదలడం

యూట్యూబ్‌లో ముందు అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనపడేలా) పెట్టి ఏడుగురికి ఇంకోసారి పంపండి. ఒకసారి పెట్టిన వీడియో స్థానంలో కొత్తది ఎక్కించడం కుదరదు, లింకు మారిపోతుంది. అందుకే తొందరపడొద్దు. బొమ్మగా గాయపడిన పిల్లల ఫొటోలు వాడొద్దు. వయసు ఆంక్ష పడే ప్రమాదం ఉంది, అది అలా ఉంచితే ఆ పిల్లల్ని అడక్కుండా వాళ్ల ఫొటో పెట్టడమే తప్పు. మేం ఆరిపోయిన కట్టెల పొయ్యి ఫొటో పెట్టాం.

సరిహద్దులో టెన్షన్ ఉన్న వారంలో పాట వదలొద్దు. ఆ వారంలోనే కదా వినిపించాలి అంటారు కొందరు. ఆ వారంలో ఎవరూ వినరు, పేరు పట్టుకుని కొట్టుకుంటారు. ఆదివారం పొద్దున పదకొండుకు వదలండి, టిఫిన్ అయి వంట మొదలుకాని వేళ.

కామెంట్లకు మొదటి రోజు జవాబివ్వొద్దు. తిట్లకు అసలే వద్దు. వారం తర్వాత యూట్యూబ్ స్టూడియోలో జనం ఎక్కడ వదిలేసి పోయారో చూపే గీత తెరవండి. మా గీత 40వ సెకను దగ్గర బావిలో పడ్డట్టు పడింది. అక్కడిదాకా మాది గిటార్ ఇంట్రో. తర్వాతి పాటకు ఇంట్రో పన్నెండు సెకన్లే పెట్టాం.

మాట మార్చాక ఆ మాట మార్పించినవాళ్ల దగ్గరికే మళ్లీ వెళ్లి వినిపించాలి. ఇది చాలామంది ఎగ్గొడతారు. నేను ఉగ్గాని బండి దగ్గరికి పోయాను. పెద్దాయన చివరిదాకా విన్నాడు. పది లెక్కపెట్టాను. "ఈతూరి పాగా జోలికి రాలేదే" అన్నాడు. ఆ తర్వాత, "ఆ డప్పేందప్పా, మనిషి మాట్లాడుతుంటే మీద పడి కొడతాండాడు?"

ఇంటికొచ్చి పల్లవిలో స్నేర్ డ్రమ్ ఒకటిన్నర డీబీ తగ్గించాను.