ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ మార్చే ముందు

మొదట పిస్టల్‌కి ఉన్న గాలి సిలిండర్ ఊడదీయండి. తీశాక కూడా లోపల కాస్త గాలి మిగలొచ్చు. గుండు లేదని కళ్లారా చూసుకుని, ఎవరూ లేని వైపు పట్టుకుని ఒకసారి నొక్కేయండి. కడప ఎండల్లో ఆ సిలిండర్‌ని డాబా మీదో, బండి డిక్కీలోనో పెట్టొద్దు.

ఫ్యాన్ ఆపి, కింద తెల్ల తువ్వాలు పరవండి. బియ్యపుగింజంత స్ప్రింగ్ ఎగిరి మంచం కిందికి పోయిందా, ఆ పూట అయిపోయినట్టే (నాకైంది). ఏ స్క్రూ ఎన్ని చుట్లు తిప్పారో రాసుకోండి, ఫోటో చాలదు.

కొక్కెం ఉన్న 500 గ్రాముల తూకం ముందే తెచ్చిపెట్టుకోండి. పది మీటర్ల పోటీల్లో ట్రిగ్గర్‌కి ఆ తూకం తగిలిస్తే, పేలకుండా కనీసం అంత బరువు ఆపాలి. నేనైతే 520 దగ్గర పెడతా, టెన్షన్ ఉండదు.