తెలుగులో డాక్యుమెంటేషన్: మార్కప్ ఎక్కడ మొరాయిస్తుంది?

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు తెలుగులో డాక్యుమెంటేషన్ రాస్తుంటే, ఇంగ్లీషులో రాసేవాళ్లు ఎన్నడూ చూడని తంటాలు మనకు ఎదురవుతాయి. ఫార్మాట్ (మార్కప్, అంటే శీర్షిక, జాబితా, కోడ్ లాంటివాటిని గుర్తులతో చెప్పే రాత పద్ధతి) ఎంచుకునే ముందే వీటిని చూసుకుంటే మంచిది.

సమస్య: స్ఫింక్స్‌లో (డాక్యుమెంట్లను వెబ్‌సైటుగా మార్చే సాధనం) బిల్డ్ చేస్తే శీర్షిక కింది గీత చాలలేదని వార్నింగ్. కంటికి మాత్రం సరిపోయినట్టే ఉంది.

కారణం: స్ఫింక్స్ మామూలుగా చదివే మార్కప్ రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్. అందులో ఆ గీత కనీసం శీర్షికంత ఉండాలి. "పరిచయం" మనకు నాలుగు అక్షరాలే, దాని లెక్కలో ఆరు. గుడిని, సున్నను విడివిడిగా లెక్కేస్తుంది.

పరిష్కారం: లెక్కలు మానేసి ముప్పై సమాన గుర్తులు కొట్టేయండి. గీత ఎక్కువైతే అదేమీ అనదు.

సమస్య: ``గిట్``లో అని రాస్తే కోడ్‌లా మారదు, బ్యాక్‌టిక్ (`) గుర్తులు అలాగే పేజీలో తేలతాయి.

కారణం: అసలు తలనొప్పి ఇదే. మూసే గుర్తు తర్వాత ఖాళీ గానీ విరామచిహ్నం గానీ ఉండాలని రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ నియమం. మన లో, కి, తో, ని మాటకు అతుక్కునే వస్తాయి కదా!

పరిష్కారం: మధ్యలో ఒక బ్యాక్‌స్లాష్, ఒక ఖాళీ: ``గిట్``\ లో. ఆ ఖాళీ పేజీలో కనపడదు. పేరాకు ఐదుసార్లు ఇలా కొట్టాలంటే మాత్రం ప్రాణం విసుగుతుంది. మార్క్‌డౌన్ అనే మరో మార్కప్‌లో ఈ బాధ లేదు, `గిట్`లో అంటే చాలు. వాలు అక్షరాలకు అండర్‌స్కోర్ వద్దు, నక్షత్రం వాడండి: _గిట్_లో పనిచేయదు, *గిట్*లో పనిచేస్తుంది.

సమస్య: గిట్‌హబ్‌లో చక్కగా లోపలికి జరిగిన ఉపజాబితా ఎంకేడాక్స్ (మార్క్‌డౌన్ నుంచి సైటు కట్టే సాధనం) సైటులో పై జాబితాలో కలిసిపోయింది.

కారణం: 2004లో వచ్చిన మార్క్‌డౌన్‌లో చాలా విషయాలు తేల్చకుండా వదిలేశారు. వాటిని తేల్చడానికి 2014లో కామన్‌మార్క్ అనే ప్రమాణం వచ్చింది. గిట్‌హబ్ దాన్ని అనుసరిస్తుంది. ఎంకేడాక్స్ వెనకున్న పైథాన్-మార్క్‌డౌన్ పాత పద్ధతిలోనే నడుస్తుంది.

పరిష్కారం: ఉపజాబితాకు నాలుగు ఖాళీలు, జాబితా ముందు ఒక ఖాళీ వరుస. రెండు చోట్లా కుదురుతుంది.

సమస్య: మధ్యలో కొత్త సెక్షన్ చేర్చగానే పాత లింకులు వేరే సెక్షన్లకు పోతున్నాయి.

కారణం: పైథాన్-మార్క్‌డౌన్ మామూలుగా శీర్షికలోని ఇంగ్లీషు అక్షరాలతోనే లింకు పేరు కడుతుంది. తెలుగు శీర్షికలో ఏమీ మిగలదు కాబట్టి _1, _2 అని వరసగా అంకెలేస్తుంది. కొత్తది దూరితే అంకెలన్నీ జరుగుతాయి.

పరిష్కారం: కాన్ఫిగ్‌లో యూనికోడ్ స్లగ్ (తెలుగు అక్షరాలను కూడా ఉంచే లింకు పేరు) పెట్టండి. పేజీలు వందకు చేరేలా ఉంటే నేనైతే స్ఫింక్స్‌కు మిస్ట్ (అది మార్క్‌డౌన్ చదివేలా చేసే పొడిగింపు) జతచేస్తాను. రాసేది మార్క్‌డౌనే, లింకు పేరు (లేబుల్) మన చేతుల్లో ఉంటుంది, రెఫరెన్సు తెగితే బిల్డ్ అప్పుడే చెప్తుంది.