కుటుంబ నియంత్రణ సలహా: నాలుగో పాఠం – మార్పులను ముందుగానే చెప్పడం

విశాఖపట్నంలోని పట్టణ ఆరోగ్య కేంద్రాలలో కొత్తగా చేరిన ఏఎన్‌ఎంలనూ ఆశా కార్యకర్తలనూ దృష్టిలో పెట్టుకుని రాస్తున్న ఈ పాఠాలలో, ఏ పద్ధతి ఎవరికి సరిపడుతుందో ఇంతవరకు చూశాము. ఎంచుకున్న పద్ధతి వల్ల ఒంట్లో రాగల మార్పులను అవి రాకముందే చెప్పడం ఈసారి సాధన చేయాలి.

దీని విలువ బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో బయటపడింది. 1975లో అక్కడ మాత్రలనూ కండోమ్‌లనూ ఇంటింటికీ పంచారు. మొదట వాడకం పెరిగింది కానీ, వికారం పెట్టినా కళ్ళు తిరిగినా అడగడానికి తగిన మనిషి లేక చాలామంది మానేశారు. 1977లో చదువుకున్న, పిల్లలున్న స్థానిక యువతులకు శిక్షణనిచ్చి రెండు వారాలకొకసారి ప్రతి ఇంటికీ పంపారు. గర్భం రాకుండా వేసే సూది మందుతో సహా పలు పద్ధతులను అందుబాటులో ఉంచి, ఇబ్బంది వస్తే చూసే ఏర్పాటు చేశారు. రెండేళ్ళు తిరగకముందే దాదాపు మూడో వంతు దంపతులు ఏదో ఒక పద్ధతిని వాడసాగారు. సూది మందు రావడం కూడా ఒక కారణమే గాని, మళ్ళీ వచ్చి పలకరించే మనిషి లేకపోతే ఆ వాడకం నిలిచేది కాదని నా అభిప్రాయం.

మన దేశంలో 1952లోనే మొదలైన కార్యక్రమం చాలాకాలం లక్ష్యాల లెక్కలతో నడిచింది. ఎమర్జెన్సీ కాలమైన 1976-77లో 80 లక్షలకు పైగా కు.ని. ఆపరేషన్లు జరిగాయి, వాటిలో అధికభాగం మగవారివి. ఆనాటి బలవంతం తరువాత వేసెక్టమీ, అంటే మగవారి ఆపరేషన్, మళ్ళీ తేరుకోలేదు. 1996లో లక్ష్యాలను ఎత్తివేసినా భారం ఆడవారి మీదే ఉండిపోయింది: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవారే. అందువల్ల బిడ్డకూ బిడ్డకూ ఎడం కోసం తాత్కాలిక పద్ధతి అడిగే యువతికి తన అనుభవం చెప్పే అమ్మ గాని, వదిన గాని ఇంట్లో దొరకడం అరుదు; ఆ లోటు మీరే తీర్చాలి.

ఇప్పుడు సాధన. పెదజాలరిపేటలో ఏడాది పాప ఉన్న తల్లి గర్భం రాకుండా వేసే 'అంతర' సూది వేయించుకుంటానన్నదనుకోండి. అత్తగారు పక్కనే ఉన్నారు.

"మూడు నెలలకొకసారి రావాలి చెల్లీ. నెలసరి తప్పవచ్చు, మధ్యలో కొద్దికొద్దిగా కనిపించవచ్చు, కొన్నాళ్ళకు పూర్తిగా ఆగిపోవచ్చు. మళ్ళీ బిడ్డ కావాలంటే ఆఖరి సూది తరువాత ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు."

ఆఖరి వాక్యం అత్తగారికి కూడా వినబడేలా చెప్పండి. నిలిచిన నెలసరి కంటే ఆవిడకు ఎక్కువ బెంగ మనవడి గురించే. తరువాత తోటి కార్యకర్తను అత్తగా కూర్చోబెట్టి, "నెలసరి ఆగితే చెడు రక్తం లోపల గడ్డకట్టదా?" అని అడిగించుకోండి. "అదేం లేదు" అని తోసిపుచ్చితే ఆవిడ మళ్ళీ మీతో మాట్లాడదు, కోడలిని కూడా రానివ్వదు. సూది ప్రభావంతో గర్భసంచి లోపలి పొర పలచబడుతుందని, బయటికి రావలసిన రక్తమే తయారు కాదని, అందుచేత లోపల నిలిచేది ఏమీ ఉండదని నిదానంగా వివరించండి. విపరీతమైన రక్తస్రావం గాని, తీవ్రమైన తలనొప్పి గాని వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి రమ్మనండి. విన్నదంతా ఆ తల్లి చేత ఆమె మాటల్లోనే తిరిగి చెప్పించి, తరువాతి సూది తేదీని కార్డులో రాయండి. రెండు వారాలు ముందుగా వచ్చినా, నాలుగు వారాలు ఆలస్యంగా వచ్చినా సూది వేయవచ్చు.

వచ్చే పాఠంలో వేసెక్టమీ గురించి భర్తతో మాట్లాడే తీరు చూద్దాము.